మాణిక్యాంబత్త తిట్టడం మానేసిన రోజులు

జబ్బుపడ్డ మనిషిని చూడటానికి బత్తాయిలు పట్టుకుని వచ్చేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. అందరినీ అనడం లేదు. వచ్చి కాసేపు కూర్చుని, వాన గురించో కాలవ నీళ్ల గురించో మాట్లాడి వెళ్లేవాళ్లకు దండం పెడతాను. నేననేది రెండో రకం గురించి. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, రోగి మొహంలోకి తేరిపార చూసి, ఎలా ఉండేవారు ఎలా అయిపోయారండీ అని మొదలుపెడతారు. అక్కణ్నుంచి అదే జబ్బుతో పోయినవాళ్ల సంగతులు వరసపెట్టి చెప్పుకొస్తారు. అన్నీ చెప్పేసి, చివర్లో మీకేం కాదులెండి అని తువ్వాలు దులుపుకుని లేస్తారు. మా మేనత్త మాణిక్యాంబ సంగతి ఇవాళ రాస్తున్నానంటే వాళ్ల మీద కోపంతోనే. కోపం తగ్గాక రాయొచ్చు కదా అంటారేమో. ఏడాది దాటినా తగ్గలేదు మరి.

అత్తావాళ్లది గోదావరికి పడమటి గట్టున, విజ్జేశ్వరం దాటాక వచ్చే చిన్న ఊరు. ఊళ్లో పాలకేంద్రం ఆవిడే నడుపుతుంది. రైతులు తెచ్చిన పాలు మెషీన్లో పెట్టి వెన్న ఎంతుందో చూసి తీసుకోవడం ఆవిడ పని. అయితే పనికన్నా నోటికే పేరెక్కువ. ఎవరి పాలు పల్చగా ఉంటే వాళ్లకి ఆ పూట మూడిందన్నమాటే. మీ గేదె కాలవంతా తాగేసి వచ్చిందా ఏంటండీ అని వరసలో ఉన్నవాళ్లందరి ముందూ అడిగేస్తుంది. సర్పంచి గారింటి పాలైనా అదే మాట. ఆవిడ దగ్గరున్న చిత్రం ఏమిటంటే, ఎంత తిట్టినా ‘అండి’ మాత్రం వదలదు. సిగ్గుందా అండి, బుద్ధుందా అండి, కళ్లు నెత్తికెక్కాయా అండి. మర్యాదకు మర్యాద, చీవాట్లకు చీవాట్లు.

ఆ చీవాట్లలో పెద్ద వాటా మా మావయ్యది. ఆయన పేరు వీరవెంకటసత్యనారాయణ. అంత పేరు పిలిచే ఓపిక లేక ఊరంతా సత్యంగారంటారు. కాస్త వరిచేను, రెండు గేదెలు ఉన్న రైతు. నోట్లో నాలుక లేని మనిషి, పైగా మతిమరుపు. గొడుగు తీసుకెళ్తే తిరిగి తేడు. తడి తువ్వాలు తెచ్చి పక్కబట్టల మీద పడేస్తాడు. అత్త లేచింది మొదలు గుక్క తిప్పుకోకుండా అందుకుంటుంది. ఆయన మీసాల చాటున నవ్వుకుంటూ కాఫీ తాగుతుంటాడు. వాళ్ల కూతురు సారిక పెళ్లయి తణుకు వెళ్లిపోయాక ఆ ఇంట్లో మిగిలిన సందడి అదొక్కటే. పక్క ఊళ్లో ఉద్యోగం చేసుకుంటూ వారానికోసారి వెళ్లొచ్చే నాకు, ఆ తిట్లు ఇంట్లో రేడియో మోగుతున్నట్టుండేవి.

పోయినేడు నారుమళ్లు పోసే రోజుల్లో మావయ్య మెడ పక్కన గడ్డ కనిపించింది. రాజమండ్రిలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. పరీక్షలన్నీ అయ్యాక డాక్టర్ ఫణిశ్రీగారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. క్యాన్సరే. కానీ మందుకి బాగా లొంగే రకం. మూడేసి వారాలకోసారి కీమో, అలా ఆరుసార్లు పూర్తి చేస్తే మనిషి మళ్లీ పొలానికి వెళ్లొచ్చు. మధ్యలో మాత్రం ఆపకూడదు, ఆపితే లొంగుతున్న జబ్బే మొండికేస్తుంది. ఇవన్నీ ఆవిడ మావయ్య ఎదుటే, మావయ్యకే చెప్పారు. దాచింది ఏమీ లేదు.

మొదటి కీమో ఎవరికీ చెప్పకుండా కానిచ్చేశాం. అత్త వెంట వచ్చింది. మావయ్య సెలైన్ పెట్టించుకుని, కాస్త కునుకు తీసి, ఇంటికొచ్చి చారన్నం తిన్నాడు. రెండ్రోజులు నీరసంగా ఉన్నాడంతే. మూడోనాడు గేదెకి గడ్డి వేస్తుంటే అత్త చూసి, సూది గుచ్చిన చెయ్యి అదేనా కాదా, ఆ మాత్రం జ్ఞాపకం ఉండదా అండి అని పెరడంతా దద్దరిల్లేలా లేచింది. అంతా మామూలుగానే ఉంది. అలాగే వదిలేసి ఉంటే ఇంత రాసే అవసరం ఉండేది కాదు.

వార్త పొక్కింది. ముందుగా మావయ్య అన్నగారు లక్ష్మీనరసింహంగారు దిగారు. ఆ కుటుంబానికి ఆయనే పెద్ద. పెళ్లి ముహూర్తం నుంచి నూతిలో పూడిక తీయడం దాకా ఆయన చెప్పిందే చెల్లుతుంది. ఊరంతా వణికే మా అత్త, ఈ బావగారి ముందు మాత్రం నోరెత్తదు. ఆయన హాల్లో ఉంటే ఆవిడ వంటింటి తలుపు వెనక నిలబడాల్సిందే. కాపురానికి వచ్చిన నాటి నుంచి అదే పద్ధతి.

ఆరోజు కూడా ఆవిడ తలుపు వెనకే ఉంది. నేను హాల్లో ఉన్నాను. మావయ్య పెరట్లోకి వెళ్లిన సమయం చూసి ఆయన గొంతు తగ్గించి తలుపు వైపు తిరిగారు. ‘పెళ్లయిన దగ్గర్నుంచీ నీ నోటికి వాడు లోపల్లోపలే కుమిలిపోయాడమ్మా. ఆ కుమిలిందే గడ్డ కట్టింది. ఇకనైనా వాణ్ని ప్రశాంతంగా ఉండనీ’ అన్నారు.

అలా ఎక్కడా ఉండదని, డాక్టరుగారు అలా అనలేదని నేను అడ్డం వెళ్లాను. నీకేం తెలుసు, పెద్దవాళ్లు మాట్లాడుతున్నప్పుడు కలగజేసుకోకు అన్నారు. తలుపు వెనక నుంచి అత్త మాట ఒక్కటి కూడా రాలేదు. వస్తుందని ఎదురుచూశాను. పాలల్లో నీళ్లు కలిపితే పసిగట్టే మనిషి, ఇంత పచ్చి అబద్ధాన్ని ఎలా నమ్మిందో నాకు అర్థం కాలేదు. కానీ నమ్మింది. మొగుడి జబ్బుకి తన నోరే కారణమని మనసారా నమ్మింది.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో మాట లేదు. అత్త పిల్లిలా తిరిగేది. ఏం కావాలన్నా తెచ్చి పెట్టేది, కళ్లెత్తి చూసేది కాదు. ఆసుపత్రికి ఆడవాళ్లెందుకు, నేను వెళ్తానంటూ పెద్దాయన ఆవిణ్ని కారెక్కనివ్వలేదు. ఇక చూడటానికి వచ్చేవాళ్లకి అడ్డూ ఆపూ లేకపోయింది. అంతకుముందైతే గుమ్మంలోనే ఆవిడ నోటికి జడిసి ఆగేవాళ్లు. ఇప్పుడు నేరుగా మంచం దాకా వచ్చేస్తున్నారు.

వాళ్లలో చంద్రరావుగారని ఒకాయన ఉన్నారు. ఊళ్లో ఎవరికి ఏం జబ్బు చేసినా మొదటి కుర్చీ ఆయనదే. వాళ్ల తోడల్లుడికి ఇదే జబ్బంట. రెండో కీమోకి నోట్లోంచి పేగులు ఊడిపడేలా వాంతులంట, మూడోదానికి ఇక తట్టుకోలేకపోయాడంట. లోపలంతా కాల్చేస్తారండీ ఆ మందు పోసి, అని చేతులు తిప్పి మరీ చూపించాడు. నేను ఎదురుగానే ఉన్నాను. ఆయన చేతిలో ఉన్న కాఫీ ఆయన నెత్తిన పోయాలనిపించింది. మావయ్య మాత్రం ఆ మాటలు ఒక్కటి కూడా పొల్లుపోకుండా విన్నాడు. సారిక వచ్చి తండ్రిని పట్టుకుని ఏడ్చి వెళ్లింది. పాతికేళ్లుగా మాటల్లేని దాయాదులు వచ్చి చేతులు పట్టుకుని క్షమించమన్నారు. ఎవరైనా ఎందుకలా చేస్తారో మావయ్యకి తెలీదా? మతిమరుపు మనిషే కానీ బుద్ధిలేని మనిషి కాదు కదా.

రెండో కీమో అయిన రాత్రి ఆయనకి వాంతులయ్యాయి. మూడోసారి వెళ్తుంటే దారిలోనే మొదలయ్యాయి. బ్యారేజీ దాటి, రాజమండ్రిలో ఆసుపత్రి గేటు కనబడేసరికి కారులో కక్కేశాడు. లోపల స్పిరిట్ వాసన తగిలి మళ్లీ. చూశావా మందు ఎలా తినేస్తోందో మనిషిని, అన్నారు పక్కనున్న పెద్దాయన. ఫణిశ్రీగారు మావయ్య మెడ పట్టి చూసి, గడ్డ సగానికి పైగా కరిగిందని సంతోషంగా చెప్పారు. తర్వాత నన్ను బయటికి పిలిచారు.

‘మందు ఇంకా ఒంట్లోకి వెళ్లనే లేదండి. ఈ వాంతి మందుది కాదు, భయానిది. అలాగని నటన కూడా కాదు, నిజమైన వాంతే. ఇలా అవుతుందని మనిషి గట్టిగా అనుకుంటే ఒళ్లు ఆ పని చేసేస్తుంది. వాంతి తగ్గడానికి మాత్రలు ఇస్తాను. కానీ ఇంట్లో ఈయనకి ఎవరేం చెబుతున్నారో అది మీరు చూసుకోవాలి.’

ఇంటికొచ్చి ఆ మాట పెద్దాయనకి చెప్పాను. చిన్నపిల్ల, పుస్తకాల్లో చదివింది చెప్పిందిలే అని తీసిపారేశారు. డాక్టర్లు కరిగిందనే అంటారు, కరగలేదంటే ఎవరు వెళ్తారు అన్నారు. ఆ మాట మావయ్య వినేలాగే అన్నారు. నాకు కడుపు మండిపోయింది. ఆయనకి తమ్ముడంటే ప్రేమ లేదని నేననను. ప్రాణం పెడతాడు. ఆ ప్రేమతోనే కొంప ముంచుతున్నాడు, చెబితే వినడు.

నాలుగోసారి వెళ్లాల్సిన రోజున పెద్దాయన కోరుకొండ కొండ మీద తమ్ముడి పేరున పూజ చేయించడానికి వెళ్లారు. కారులో నేనూ మావయ్యా ఇద్దరమే. గోదావరి ఎర్రనీళ్లతో నిండుగా ఉంది. బ్యారేజీ మీద మద్దూరు దగ్గరికి వచ్చేసరికి మావయ్య కారాపమన్నాడు. దిగి, పిట్టగోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. నీళ్లిచ్చాను. నోరు కడుక్కుని, ‘వెనక్కి తిప్పరా మురళీ’ అన్నాడు.

గడ్డ కరిగిందని డాక్టరుగారు చెప్పారు కదా మావయ్యా అన్నాను. ఆయన నవ్వాడు. అన్నయ్య మొన్న ఫ్లెక్సీలు వేసే విశ్వనాథ్‌ని ఇంటికి పిలిపించాడని చెప్పాడు. పట్టు కండువా వేసి, కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీయించాడట. ఇంట్లో మంచి ఫోటో ఒకటి ఉండాలి కదా అన్నాడట. మా వైపు మనిషి పోతే చాలు, తెల్లారేసరికి సెంటర్లో దండతో సహా ఫ్లెక్సీ లేస్తుంది. దానికి ఫోటో దొరక్క ఓటరు కార్డులోది పెట్టి నలుగురిలో నవ్వులపాలైన ఇళ్లు కూడా ఉన్నాయి. ఆ అవస్థ రాకూడదని పెద్దాయన ముందుచూపు అన్నమాట. 

‘దానికీ నేనేం అనుకోలేదురా’ అన్నాడు మావయ్య. ‘మీ అత్త నన్ను తిట్టడం మానేసింది. మొన్న తడి తువ్వాలు పక్కబట్టల మీద పడేశాను. కావాలనే పడేశాను, ఏమంటుందో చూద్దామని. తీసి దండెం మీద ఆరేసి వెళ్లిపోయింది. ఇంకేం చూడాలి? ఇక లాభం లేదని డాక్టరు మీ అత్తకి చెప్పేసుంటుంది.’

ఎంత బతిమాలినా కారు ముందుకు పోనివ్వలేదు. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, ఇవాళ కాకపోతే రేపైనా తీసుకురండి, ఇప్పుడు వదిలేస్తే ఇంతవరకూ చేసింది వృథా అవుతుంది అన్నారు. కారు తిప్పాను.

మావయ్యని ఇంట్లో దింపి పాలకేంద్రానికి వెళ్లాను. సాయంత్రం పాలు మొదలయ్యాయి. అత్త మాటా పలుకూ లేకుండా పాలు పోయించుకుంటోంది. రాణి అనే అమ్మాయి తెచ్చిన పాలు చూస్తేనే నీళ్లలా ఉన్నాయి. అత్త ఏమీ అనకుండా తీసుకుంది. నేను పక్కకి పిలిచి, గడ్డ కరుగుతోందని డాక్టరుగారు అన్నది, ఫోటో సంగతి, తువ్వాలు సంగతి, ఆయన అన్నది అన్నట్టుగా చెప్పాను. ఆవిడ మొహం మొదట తెల్లబోయింది. ఆ తర్వాత ఎర్రబడింది. ‘నేను తిట్టలేదని చచ్చిపోతాననుకున్నారా ఆయన?’ అంది. ‘నేను తిట్టి చంపుతున్నానని కదరా నోరు కట్టేసుకున్నాను!’ కొంగుతో కళ్లు తుడుచుకుంది. పాలు రాణినే చూసుకోమని చెప్పి బయల్దేరింది. వెనకాల నేను దాదాపు పరుగెత్తాల్సొచ్చింది.

ఇంట్లో హాలు నిండా జనం. కీమో లేకుండా తిరిగొచ్చాడని అప్పుడే ఊరంతా తెలిసిపోయింది. చంద్రరావుగారు తన కుర్చీలో ఉన్నారు. కొండ నుంచి వచ్చిన పెద్దాయన తమ్ముడి నుదుట కుంకుమ పెట్టి, వాడే వద్దంటున్నాడు, ఇక ఎందుకా హింస, ఉన్నన్నాళ్లూ ఇంటిపట్టున ప్రశాంతంగా ఉండనిద్దాం అని అందరికీ తీర్పు చెబుతున్నారు. అందరూ తలలు ఊపుతున్నారు. మావయ్య గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అత్త వంటింట్లోకి వెళ్లలేదు. తిన్నగా హాలు మధ్యకి వచ్చి నిలబడింది.

‘బావగారూ, మీ ఎదుట నేనెప్పుడూ నోరెత్తలేదండి. ఇవాళ ఎత్తుతాను. కూర్చోండి’ అంది.

ఆయన కూర్చున్నారు. కూర్చోక ఏం చేస్తారు, ఆ గొంతు విన్నాక.

‘మీ తమ్ముడికి జబ్బు తగ్గుతోందండి. డాక్టరమ్మగారు చేత్తో పట్టి చూసి మరీ చెప్పారు. తగ్గుతున్న మనిషికి ఫ్లెక్సీ ఫోటో తీయిస్తారా? నా నోటి వల్ల జబ్బు వచ్చిందన్నారు, పడ్డాను. ఇప్పుడు మీ ప్రశాంతత వల్ల మనిషి పోయేలా ఉన్నాడు. దానికి నేను ఎవర్ని అనాలండి?’

నా ఉద్దేశం అది కాదమ్మా అంటూ ఆయన నీళ్లు నమిలారు. అత్త అప్పటికే చంద్రరావుగారి మీదికి తిరిగింది. మీ తోడల్లుడు పోయింది కీమోతో కాదు, రెండు చేయించుకుని మానేసి నాటుమందు తాగితే పోయాడు, ఆ ముక్క ఏ ఇంట్లోనూ చెప్పరేంటండీ అని నిలదీసింది. మీరు తెచ్చిన బత్తాయిలు మీరే పట్టుకెళ్లండి, మళ్లీ మా గుమ్మం తొక్కితే నా నోటి సంగతి తెలుసుగా అండి అని మిగతావాళ్లందరినీ కలిపి దులిపేసింది. అప్పటికే ఇద్దరు ముగ్గురు చెప్పులు వెతుక్కుంటున్నారు. నేను ఒక్కణ్నీ ఆపలేదు. చెప్పులు అందించాను కూడా.

చివరికి మావయ్య దగ్గరికి వచ్చింది. అప్పుడు వినబడింది నాకు, మేడ మీంచి నీళ్లు ధారగా పడుతున్న చప్పుడు. వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోవడానికి మావయ్యే మోటారు వేసి మర్చిపోయాడు.

‘ట్యాంకు నిండి వీధంతా వరదైపోతోంది, వినబడదా అండి? జబ్బు మెడకి వచ్చిందా, చెవులకి కూడా వచ్చిందా? కారు మధ్యలో తిప్పించుకుని వచ్చేస్తారా? ఎవర్నడిగి వచ్చారండి? రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం. నేనూ వస్తున్నాను. రానని ఒక్క మాటనండి చూద్దాం.’

మావయ్య ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. గోడ పట్టుకుని లేచి, మెల్లిగా వెళ్లి మోటారు ఆపేసి వచ్చాడు.

తిట్లతో జబ్బు తగ్గిందని నేను రాసినట్టు ఎవరూ చెప్పుకోకండి. మందే తగ్గించింది. కాకపోతే ఆ మందు దగ్గరికి మనిషి వెళ్లాలి కదా, బతుకుతానన్న ఆశతో వెళ్లాలి కదా. మిగిలిన కీమోలు అన్నీ అయ్యాయి. వాంతులు పూర్తిగా పోలేదు కానీ అదుపులోకి వచ్చాయి. ఈ ఏడు మావయ్య నాట్లు దగ్గరుండి వేయించాడు. పెద్దాయన మాత్రం మరదలితో మాట మానేశారు. హాల్లో నిలబడి బావగారిని అన్ని మాటలందని, అంత నోరు ఆడదానికి పనికిరాదని ఊళ్లో ఇప్పటికీ అంటారు. మనిషి దక్కాడన్న సంగతి మాత్రం ఒక్కడూ ఎత్తడు. చంద్రరావుగారు మొన్న వేరే ఇంట్లో మంచం పక్కన కుర్చీ వేసుకుని కనబడ్డారు. నేను తిన్నగా వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని లేపి తీసుకొచ్చేశాను. ఆయనకి కోపం వచ్చింది, రానివ్వండి.

ఆ మర్నాటి ప్రయాణం సంగతి చెప్పి ఆపుతాను. అత్త వెనక సీట్లో మావయ్య పక్కన కూర్చుంది. ఊరు దాటకముందే మొదలుపెట్టింది. చొక్కా గుండీ ఊడిందని, కిటికీ అద్దం దించారని, మాత్ర మింగి నీళ్లు సగమే తాగారని. మద్దూరు దగ్గర ఆయన కవరు తీసుకుని వాంతి చేసుకున్నాడు. మందు ఎక్కించకముందే ఈ తొందరేంటండీ అంటూ వీపు నిమిరింది. కారాపమని ఆయన అనలేదు. అక్కణ్నుంచి కొంతదూరం పోయాక అత్త గొంతు ఆగిపోయింది. అద్దంలో చూశాను. రెండు చేతుల్తో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నది వైపు తిరిగి ఉంది. మావయ్య మొహంలో రంగు మారింది. చేత్తో ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు.

‘ఏంటే, ఆగిపోయావేంటి?’ అన్నాడు.

అత్త కళ్లు తుడుచుకుని ఇటు తిరిగింది. ‘ఊపిరి కూడా తీసుకోనివ్వరా అండి!’ అని మళ్లీ అందుకుంది.